చెదలు పట్టని గుంజలు

మా దొడ్డిలో ఏ కట్టె పాతినా రెండు వానాకాలాలు నిలిచేది కాదు. సిద్దిపేటలో మా వాడకట్టు నేలంతా ఎర్రమన్ను, ఎక్కడ తవ్వినా చెదలే. వానలు మొదలుకాగానే బాపు బీరపాదు కోసం పందిరి వేసేవాడు. మరుసటి ఏడాది అవే గుంజలను చేత్తో పట్టుకుంటే పైన బెరడు మాత్రం మిగిలి, లోపలి నుంచి మన్ను రాలేది. ఒకసారి నిండా కాయలున్న పందిరి మధ్యాహ్నం పూట చప్పుడు లేకుండా నేల మీదికి ఒరిగిపోయింది. అవ్వ కింద కూర్చుని ముందు తీగలు విడదీసింది. తర్వాత కాయలన్నీ ఏరి, సగం ఒక తట్టలో పోసి, గోడ మీదుగా పక్కింటి పెద్దమ్మకు అందించింది.

మా అమ్మను నేను అవ్వ అని పిలుస్తాను. పెద్దమ్మ మాకు చుట్టం కాదు, పక్కింటావిడ. అవ్వ కంటే నాలుగైదేళ్లు పెద్దది. అవ్వ ఆమెను "అక్కా" అనేది కాబట్టి నాకు పెద్దమ్మ అయింది. మా రెండిళ్ల దొడ్ల మధ్య నడుమెత్తు గోడ ఉండేది. కావాలంటే వీధి గేటు తీసుకుని ఒకరింటికి ఒకరు వెళ్లొచ్చు. కానీ ఇద్దరికీ ఆ గోడ దగ్గరే మాట్లాడుకోవడం ఇష్టం. పాలకు తోడు కావాలన్నా, జల్లెడ కావాలన్నా, జ్వరమొస్తే మిరియాలు కావాలన్నా అన్నీ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ నడిచేవి. మధ్యాహ్నం పనులయ్యాక అవ్వ ఇటువైపు చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే, పెద్దమ్మ అటువైపు తల విరబోసుకుని దువ్వుకుంటూ తన పుట్టిల్లు జగదేవ్‌పూర్ ముచ్చట్లు చెప్పేది. ఆమె నవ్వు పెద్దది. బడి నుంచి వస్తుంటే వీధి మలుపులోనే వినిపించేది. ఆ నవ్వు వినిపిస్తే అవ్వ మంచి మనసుతో ఉందని నాకు తెలిసిపోయేది.

బతుకమ్మ పేర్చేటప్పుడు కూడా ఇద్దరూ కలిసే. తంగేడు పూలు అవ్వ తెచ్చేది, గునుగు పూలకు రంగులద్దడం పెద్దమ్మ పని. నేను ఇద్దరికీ పూలు అందించేదాన్ని. వరుస వంకరైతే పెద్దమ్మ నా చేతి మీద చిన్నగా కొట్టి, మళ్లీ తానే సరిచేసేది. ఇప్పటికీ గునుగు పూలు చూస్తే ఎర్రరంగు అంటిన ఆమె వేళ్లు కళ్ల ముందుకొస్తాయి.

మాకు ఒక బర్రె ఉండేది. నుదుట తెల్లటి చుక్క. ఇంట్లో పాలు, పెరుగు అంతా దానిదే. అవ్వ తప్ప ఎవరు పిండినా పాలు ఎగజేపి, చుక్క వదిలేది కాదు. దానికి ఉన్న ఒకే ఒక చెడ్డ బుద్ధి, పగ్గం తెంపుకుని, పెద్దమ్మ పెట్టే కుడితి కోసం ఆమె దొడ్లోకి పోవడం.

నేను ఇంటర్ చదివే ఏడాది, ఎండాకాలం చివర్లో చాచా ఒక ట్రాలీ నిండా కట్టె తెచ్చాడు. చాచా మా బాపుకు చిన్నప్పటి స్నేహితుడు. మెదక్ రోడ్డులో వడ్రంగి దుకాణం. చెవి మీద పెన్సిలు, భుజం మీద టేపు. మా ఇంట్లో తలుపులు, మంచాలు, నా చదువుకునే బల్ల అన్నీ ఆయన చేసినవే. పట్నం దగ్గర మూతపడ్డ ఒక ఫ్యాక్టరీని విప్పి అమ్ముతున్నారని ఎవరో చెబితే వెళ్లి కట్టె తెచ్చాడట. అక్కడ వేడినీళ్లను చల్లార్చడానికి గోపురంలాంటి పెద్ద కట్టడం ఉండేదట. దాని లోపలంతా కట్టెతో కట్టిందే. ఏళ్ల తరబడి దాని మీంచి నీళ్లు కారుతూనే ఉన్నా ఒక్క దూలం కూడా మురగలేదట.

"చూడు భాయ్," అన్నాడు చాచా, ఒక గుంజను నేల మీద కొట్టి చూపిస్తూ. "కంగుమంటుంది. ఎక్కడన్న పుచ్చు కనవడ్తుందా? చెదపురుగు దీని వాసన జూస్తెనే ఉరుకుతది. నీ పందిరికి ఇగ నీ మనుమల కాలం దాక గుంజలు మార్చే పని లేదు."

బాపు గోరుతో గీరి చూశాడు. లోపల లేత ఆకుపచ్చ రంగు. "గిట్ల పచ్చగెందుకున్నది?"

"ఏదో మందు పట్టించిన్రట, పురుగు రాకుంట. మంచిదే గద."

మంచిదే అనిపించింది అందరికీ. అంతకుమించి ఎవరమూ అడగలేదు.

రెండు రోజులు మా వేపచెట్టు నీడలో చాచా ఆ గుంజలను కోసి, రందా పట్టి నున్నగా చేశాడు. నేల మీద పచ్చటి పొట్టు పరుచుకుంది. అది ముక్కులోకి పోయి ఆయనకు తుమ్ములు ఆగలేదు. ముక్కుకు తువాలు కట్టుకున్నాడు. సాయంత్రానికి అరచేతులు దురద పెడుతున్నాయని అవ్వను అడిగి కొబ్బరినూనె రాసుకున్నాడు. "కొత్త కట్టె గద భాబీ, చేతులకు అలవాటు గావాలె," అని నవ్వాడు. ఆయన పని చేస్తుంటే పక్కన కూర్చుని చాయ్ తాగడం నాకు ఇష్టం. రంపం ఆగినప్పుడల్లా నన్ను లెక్కల్లో ఏదో ఒక ప్రశ్న అడిగేవాడు. తాను నాలుగో తరగతి దాటలేదు కానీ, కోణాలూ కొలతలూ నాకంటే బాగా తెలుసు.

పందిరి లేచాక బాపు దాని కింద మంచం వేసుకుని పడుకుని, పైకి చూస్తూ చాలాసేపు ఉన్నాడు. అవ్వ పొట్టునంతా ఊడ్చి బీరపాదు మొదట్లో పోసింది, తడి నిలుస్తుందని. మిగిలిన ముక్కలను నీళ్ల పొయ్యి పక్కన పేర్చింది.

మా ఇంట్లో అప్పుడు రెండు పొయ్యిలు. వంట పొయ్యి లోపల, స్నానాల నీళ్లకు దొడ్లో ఇంకోటి. నీళ్ల పొయ్యిలో అవ్వ దొరికిందల్లా కాల్చేది కనుక దాని బూడిదను బోళ్లు తోమడానికి ముట్టనిచ్చేది కాదు. వంట పొయ్యిలో పిడకల బూడిదే బోళ్లకు. అది ఆమె శుభ్రం. ఆ పట్టింపు మమ్మల్ని ఎంత కాపాడిందో చాలా ఏళ్ల తర్వాత కానీ తెలియలేదు.

ఆ పచ్చ ముక్కలు మూడు నాలుగు రోజులు కాలాయి. పొగ కళ్లల్లో మండేది. "ఏం కట్టెనో ఏమో, గొంతుల గీరుతున్నది," అని అవ్వ దగ్గుతూనే ఊదుగొట్టం పట్టుకునేది. పొయ్యి నిండితే బూడిదను పక్కన కుప్ప పోసేది.

ఒక మధ్యాహ్నం నేను అరుగు మీద పుస్తకం పట్టుకుని ఉన్నాను. అటువైపు నుంచి పెద్దమ్మ అరుపు వినిపించింది.

"చెల్లె! నీ బర్రె మల్లొచ్చి నా బెండచెట్లు తొక్కింది సూడు! ఇంకోపారి వచ్చిందంటె తిరిగి ఇల్లు జేరదు, చెప్తున్న!"

అవ్వ లోపల్నుంచే నవ్వింది. "గట్లనే జెయ్యక్క! రేపటిసంది నీకు పెరుగు గుడ బందు."

పెద్దమ్మ కూడా నవ్వింది. నాకు బాగా గుర్తు, ఇద్దరూ నవ్వారు.

నేను వెళ్లి బర్రెను తోలుకొచ్చాను. మెడలో తెగిన పగ్గం వేలాడుతోంది. ఇంకో పగ్గం కోసం కొట్టంలో వెతుకుతుంటే, అది నీళ్ల పొయ్యి దగ్గరికి పోయి బూడిద కుప్పలో మూతి పెట్టింది. బయటికొచ్చి చూసేసరికి ఇష్టంగా నాకుతోంది. మూతి చుట్టూ తెల్లగా మీసాల్లా అంటుకుంది. నాకు నవ్వొచ్చింది. కాసేపు చూసి, తర్వాత మెడ పట్టుకుని లాక్కెళ్లి కట్టేశాను.

మరునాడు పొద్దున అది నెమరు వేయలేదు. నోటి నుంచి సొంగ తీగలుగా కారుతోంది. పళ్లు కొరుకుతున్న చప్పుడు వాకిట్లోకి వినిపించింది. పలచగా పేడ పోసింది, కాళ్లు వణికాయి. బాపు పశువుల దవాఖానకు పోయి డాక్టరును తీసుకొచ్చాడు. ఆయన సూది ఇచ్చాడు, గొట్టంతో ఏదో తాగించాడు, కళ్ల రెప్పలు ఎత్తి చూశాడు.

"ఏదో విషం కడుపుల పడ్డది. నిన్న ఏడికి పోయింది? మందు గొట్టిన చెట్లేమన్న తిన్నదా?"

అవ్వ తల తిప్పి గోడ వైపు చూసింది. రెండు రోజుల కింద పెద్దమ్మ బెండకు పురుగుల మందు కొట్టించింది. ఆ సంగతి మాకు తెలుసు.

మధ్యాహ్నానికి బర్రె కింద పడుకుంది. అవ్వ దాని తలను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. పొద్దు వాలకముందే అది పోయింది. దూడ తల్లి పొదుగు దగ్గరికి పోయి మూతితో పొడుస్తుంటే బాపు దాన్ని ఎత్తుకుని అవతలికి తీసుకెళ్లాడు. బాపు ఏడవడం నేను మొదటిసారి చూసింది అప్పుడే.

అవ్వ లేచి, చీర కొంగు నడుముకు చుట్టి, గోడ దగ్గరికి నడిచింది.

"అక్కా! బయటికి రా! ఇల్లు జేరదన్నవు గద, అన్నంత పని జేసినవు!"

పెద్దమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చింది. విషయం అర్థమయ్యాక ఆమె ముఖం తెల్లబోయింది. "ఏం మాట్లాడుతున్నవే చెల్లె? నేను మందు కొట్టిన చెట్లకాడికి అది పోనే లేదు. ఈ కొసకు తొక్కిందంతే. నా పిల్లల మీద ఒట్టు."

"పిల్లల మీద ఒట్టు పెట్టకు. కుడితిల ఏం గలిపినవో చెప్పు."

ఆ మాట పెద్దమ్మకు తగిలింది. అవ్వను చూస్తూ అలాగే వెనక్కి నడిచి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. పదిహేను రోజుల్లో అవ్వ పట్టుబట్టి గోడను మనిషెత్తు లేపించింది.

నేను బూడిద సంగతి చెప్పలేదు. దాచాలని కాదు. బూడిద ఒక లెక్కలోకి వచ్చే సంగతని తోచలేదు. డాక్టరు ఏం తిన్నదని అడిగాడు. బూడిద తిండి కాదు కదా. పొయ్యిలోంచి వచ్చేది, పళ్లకు రాసుకునేది, చిక్కుడుకు పేనుబంక పడితే చల్లేది. అందులో ఏం ఉంటుంది?

గోడ లేచాక మా మధ్యాహ్నాలు మారిపోయాయి. అవ్వ బియ్యం ఏరుకోవడానికి ముందు అరుగు మీదికి మారింది. మాట్లాడేందుకు మనిషి లేక రేడియో పెట్టుకునేది, దానికే ఊఁ కొట్టేది. బతుకమ్మకు పూలకు రంగులద్దడం ఆమెకు కుదరలేదు. ఆ ఏడు మా బతుకమ్మ ఒట్టి తంగేడు పసుపుతోనే పోయింది. నా పెళ్లి ఊరేగింపు వాళ్లింటి ముందు నుంచి వెళ్తుంటే పెద్దమ్మ తన గేటు పట్టుకుని నిలబడింది. నేను చూశాను. ఆమె చెయ్యి కొంచెం పైకి లేచి, మళ్లీ గేటు మీదే ఆగింది. నేను దిగి వెళ్లి కాళ్లకు దండం పెట్టాల్సింది. పెట్టలేదు. కొత్త పెళ్లికూతుర్ని, ఎవరేమనుకుంటారోనన్న భయం. ఆ చెయ్యి నన్ను చాలా ఏళ్లు విడిచిపెట్టలేదు.

పందిరి మాత్రం చాచా చెప్పినట్టే నిలిచింది. గుంజలు ఎండకు బూడిదరంగుకు తిరిగాయి కానీ ఒక్క చెద ముట్టలేదు. బీర, సొర, చిక్కుడు, ఏడాదికొకటి వాటి మీద పాకాయి. గుంజల మొదట్లో నీడ ఉంటుందని అవ్వ పాలకూర చల్లేది. బాపు చివరి రోజుల్లో కూడా పొద్దున్నే ఆ పందిరి కిందే కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. ఆయన పోయాక నేను, మా ఆయన వచ్చి అవ్వ దగ్గరే ఉంటున్నాం. నేను ఊళ్లోనే బడిలో టీచర్ని. నా బిడ్డ ములుగులో అడవుల చదువు చదువుతోంది. హాస్టల్లో ఉంటూ సెలవులకు ఇంటికొస్తుంది.

నిరుడు చలికాలంలో స్కూటర్లకు రేకుల షెడ్డు వేద్దామని మా ఆయన పందిరి గుంజ ఒకటి కోయించాడు. ఆ ఆదివారం బిడ్డ ఇంట్లోనే ఉంది. కోసిన మొద్దు పక్కన కూర్చుని, దాని కోత వైపు చూసి, వేలు పెట్టబోయి ఆగింది. కోసిన చోట అంచంతా లేత ఆకుపచ్చ.

"అమ్మా, గీ గుంజలు ఏడియి?"

చెప్పాను. ఫ్యాక్టరీ, నీళ్ల గోపురం, చాచా. చెబుతుంటే నాకు నవ్వుమొహమే. బాపు పందిరి కింద పడుకుని పైకి చూసిన ఆ సాయంత్రం కూడా చెప్పాను. తను నవ్వలేదు.

"ఇది మందు పట్టించిన కట్టె. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన నీళ్లల్ల పెట్టి, ఒత్తిడితోని లోపలిదాక ఎక్కిస్తరు. మేం చదువుకున్నం. చెదలు ముట్టకపోవుడు అందుకే."

వాకిట్లో కూర్చున్న అవ్వ అడిగింది, "ఆర్సెనికంటె ఏందే?"

"పాషాణం, అమ్మమ్మా."

ఆ మాట అవ్వకు బాగా తెలుసు. చేతిలోని చేట కింద పెట్టింది.

బిడ్డ మెల్లగా వివరించింది. వాన పడ్డప్పుడల్లా కట్టెలోంచి కొద్దికొద్దిగా కారి మన్నులోకి దిగుతుందట. ఎక్కువ దూరం పోదు, గుంజ మొదట్లోనే మన్నును పట్టుకుని ఉండిపోతుంది. పైన కాసే బీరకాయకు పెద్దగా ఎక్కకపోవచ్చు. మొదట్లో వేసే ఆకుకూరల సంగతే చూసుకోవాలి, మన్ను పరీక్ష చేయించాలి అంది.

"ఈ ముక్కలు మాత్రం ఎవ్వరు పొయ్యిల పెట్టకుండ్రి," అంది. "కాలిస్తె కొంత పొగల పోతది. మిగిలిందంత బూడిదలకొస్తది. గా బూడిద ఉప్పగుంటదని పశువులు నాకుతయట. కొంచెం నాకినా బతకయి. మా సార్ చెప్పిండు."

బర్రె మూతికంటిన తెల్లటి మీసాలు నా కళ్ల ముందు మెదిలాయి. ఎంత మామూలుగా మర్చిపోయానో అంత స్పష్టంగా గుర్తొచ్చింది. సొంగ, పళ్లు కొరికిన చప్పుడు, వణికిన కాళ్లు. ఒక్కొక్కటీ చెప్పాను. బిడ్డ తలూపింది.

"ఇన్నేండ్ల తర్వాత రుజువు జెయ్యలేం అమ్మా. కని అన్నీ దానికే కలుస్తున్నయి."

అవ్వ నన్నే చూస్తోంది. "నువ్వు సూసినవా? అది బూడిద నాకుతుంటె?"

"సూసిన అవ్వా."

"ఎన్నడు చెప్పలేదు."

"బూడిదే గదా అనుకున్న."

ఆమె నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. లేచి లోపలికి పోయి దేవుడి అర్ర ముందు గోడకానుకుని కూర్చుంది. ఆ రోజు అన్నం సగంలో చెయ్యి కడుక్కుంది. మూడు రోజులు అలాగే గడిచాయి. నాలుగో రోజు పొద్దున తలస్నానం చేసి, ఉతికిన చీర కట్టుకుని, "తోలుకపో," అంది నాతో. ఎక్కడికని నేను అడగలేదు.

పెద్దమ్మకు ఇప్పుడు మోకాళ్లు పట్టేశాయి. భర్త పోయాక కొడుకు, కోడలితో అదే ఇంట్లో ఉంటోంది. వాకిట్లో కుర్చీలో కూర్చుని వెల్లుల్లి పొట్టు తీస్తోంది. అవ్వ గేటు తీసిన చప్పుడుకు తలెత్తి, గుర్తుపట్టి, వెల్లుల్లి పక్కకు పెట్టింది.

అవ్వ నిలబడే చెప్పింది. నాన్చుడు లేదు, సాకు లేదు. "అక్కా, నా బర్రె నీ మందుతోని చావలే. మా పందిరి గుంజలల్ల పాషాణం ఉన్నదట, ఆ ముక్కలు కాల్చిన నా పొయ్యిల బూడిద నాకి చచ్చిందట. నా మనుమరాలు చెప్పింది. నేను నిన్ను అనరాని మాటన్న."

పెద్దమ్మ ఒళ్లోని పొట్టు దులిపేసింది. అప్పుడు బయటికొచ్చింది కోపం.

"నా మొగడు పోయిన్నాడు వాడకట్టంత వచ్చింది. నువ్వు రాలే. నా కోడలికి పిలగాడు పుట్టినప్పుడు నువ్వు రాలే. ఆ బర్రెకు విషం బెట్టింది ఈమెనే అని ఎవరన్న అనుకుంటున్నరేమో అని నేను ఎన్ని ఇండ్లకు పోవుడు బంద్ జేసిన్నో నీకు తెలుసా? ఇయ్యాలొచ్చి ఒక్క మాటల తీరుస్తవా?"

"తీరదక్కా," అంది అవ్వ. "తీరదనే వచ్చిన."

"పో," అంది పెద్దమ్మ. "ఇప్పుడు పో."

వచ్చేశాం. అవ్వ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. "అన్నది సరిగ్గనే అన్నది," అని మాత్రం అంది.

పది రోజులకు పెద్దమ్మ కోడలు మా గేటు కొట్టింది. "మా అత్తమ్మ అడగమన్నది. మీ గుంజలు గోడకు ఆనుకునే ఉన్నయి గద, మా దిక్కు కొత్తిమీర మడి ఉన్నది. ఆ మన్ను గుడ చూపిస్తరా అని."

ఆ వారం బిడ్డ రెండు దొడ్లలోనూ మన్ను తీసింది. గుంజ మొదట్లో కొంత, రెండడుగుల అవతల కొంత, గోడకు అటువైపు కొంత, బోరు నీళ్లు ఒక సీసాలో. ఒక్కో సంచి మీద పేరు రాస్తుంటే పెద్దమ్మ కర్ర పట్టుకుని వచ్చి నిలబడింది. అవ్వ కుర్చీ తెచ్చి వేసింది. పెద్దమ్మ కూర్చుంది. ఇద్దరూ నా బిడ్డ తవ్వకాన్ని చూస్తూ ఉన్నారు.

"నడుం వంచుడు రాదు దీనికి," అంది పెద్దమ్మ కాసేపటికి.

"హాస్టల్ పిల్ల గద అక్కా," అంది అవ్వ.

అంతే ఆ రోజుకు వాళ్ల మాటలు.

ఫలితాలొచ్చాయి. గుంజల మొదట్లో మన్నులో పాషాణం ఎక్కువగానే ఉంది. దూరం పోయేకొద్దీ తగ్గింది. పెద్దమ్మ మడి బాగుంది, బోరు నీళ్లూ బాగున్నాయి. ఇన్నేళ్లూ పాలకూర తిన్నామని మేం భయపడితే, బిడ్డ మాకు పరీక్షలు చేయించింది. గాబరా పడాల్సిందేమీ లేదని డాక్టరు చెప్పాడు. గుంజలు పీకించి, వాటి మొదట్లో మన్ను తవ్వి తీసి, ప్లాస్టిక్ పట్టాలో చుట్టి, అలాంటి చెత్తను తీసుకెళ్లే వాళ్లకు అప్పగించాం. అది తెమలడానికే రెండు నెలలు పట్టింది.

చాచాకు చెప్పాలా వద్దా అని ఇంట్లో గొడవ. "ముసలాయన. మీ బాపు దోస్తు. ఇప్పుడు చెప్పి ఏం జేస్తరు? గుండె పగిలి చస్తడు," అంది అవ్వ. బిడ్డ ఒప్పుకోలేదు. "ఒక ట్రాలీ కట్టె మన దొడ్లనే ఒడవలే గద అమ్మమ్మా. ఇంకా ఎవరిండ్లల్ల ఉన్నదో. ఆయన చేతులు గుడ చూపించుకోవాలె." నేను చాచా అరచేతులను గుర్తు తెచ్చుకున్నాను. గట్టిపడి, అక్కడక్కడా ఆనెల్లాంటి మచ్చలతో ఉంటాయి. రంపం పట్టిన చేతులు అలాగే ఉంటాయనుకునేవాళ్లం.

నేనే వెళ్లాను. దుకాణం ఇప్పుడు ఆయన కొడుకు చూసుకుంటున్నాడు. చాచా ఇంటి ముందు నులక మంచం మీద ఎండకు కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, "ఆవో బేటీ," అని జరిగి చోటిచ్చాడు. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఆపలేకపోయాను. బర్రె, బూడిద, పెద్దమ్మ అన్నీ చెప్పాను. ఆయన తన అరచేతులు తిప్పి చూసుకున్నాడు.

"యా అల్లా," అన్నాడు. "మీ బాపు ఎంత మురిసిండు ఆ పందిరి జూసి. నేనే తెచ్చిన గద బేటీ."

"మనకెవరికి తెల్వదు చాచా."

"తెల్వదు. అడగనూ లేదు," అన్నాడు. వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. "మీది ఒకటి. పాత బస్టాండు ఎనక ఒకరికి కోళ్ల గూడు. మా బావమరిదికి మేకల కొట్టం. అక్కన్నపేటల ఒక రైతుకు పశువులు తినే తొట్టి. ఇంకో రెండున్నయి. నాకు అన్నీ యాదికున్నయి. నేనే పోయి చెప్త."

ముందు దవాఖానకు తీసుకెళ్లాం. చర్మం డాక్టరు మచ్చలు చూసి, ఇదివరకే రావాల్సిందన్నాడు. మందులిచ్చి ఆరు నెలలకోసారి తప్పకుండా చూపించుకోమన్నాడు. ఆ తర్వాత చాచాను స్కూటరు మీద ఎక్కించుకుని నేను ఒక్కో ఇంటికీ తిరిగాను. కోళ్ల గూడు ఎప్పుడో విప్పేశారు. మేకల కొట్టం గుంజలు ఇంకా ఉన్నాయి. బావమరిది మొదట నవ్వాడు, తర్వాత చాచా చేతులు చూసి నవ్వు ఆపాడు.

చివరగా అక్కన్నపేట. అంత దూరం స్కూటరు మీద ఆయన కూర్చోలేడని బస్సులో వెళ్లాం. ఆ రైతు మమ్మల్ని చూసి సంబరపడ్డాడు. తొట్టి ఇప్పటికీ గట్టిగా ఉందని చూపించాడు. రెండు ఎడ్లు అందులోనే మేత మేస్తున్నాయి. చాచా దాని అంచు మీద చెయ్యి వేసి, చప్పున తీసేశాడు. విషయమంతా చెప్పాడు. కాల్చొద్దని మూడుసార్లు చెప్పాడు.

"గింత మంచి తొట్టి తీసేస్తె ఎట్ల? మల్ల నాకెవరు జేసిస్తరు?" అన్నాడు రైతు.

"నేను జేస్త," అన్నాడు చాచా. "తుమ్మకట్టెతోని. మీ తుమ్మ చెట్టొకటి కొట్టించి పెట్టు, చాలు."

పది రోజుల తర్వాత కొడుకును వెంటబెట్టుకుని నిజంగానే వెళ్లాడు. బడికి సెలవు కావడంతో నేనూ వెళ్లాను. రంపం కొడుకే పట్టాడు, డాక్టరు చాచాను వద్దన్నాడు. ఆయన కుర్చీలో కూర్చుని గీతలు గీసి, ఎక్కడ కోయాలో, ఎక్కడ మేకు కొట్టాలో చెప్పాడు. మధ్యాహ్నం ఆ ఇంటావిడ జొన్నరొట్టె, వంకాయ కూర పెట్టింది. చాచా చేతులు కడుక్కోవడానికి లేచాడు. నేను చెంబుతో నీళ్లు పోశాను. సబ్బు రుద్ది రుద్ది కడిగాడు. "ఇంక కొంచెం పొయ్యి బేటీ," అన్నాడు. ఇంకొంచెం పోశాను. తువాలుతో తుడుచుకుని వచ్చి, ఎడ్లు కొత్త తొట్టి వాసన చూస్తుంటే వాటి ఎదురుగానే కూర్చుని తిన్నాడు.